ఆరు శాతం మనుషులు

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టాన్ని తీసేసి కొత్త చట్టం చేసినప్పుడు మా పాత సామాజిక తనిఖీ మిత్రుల వాట్సాప్ గ్రూపు చాలా కాలం తర్వాత మళ్లీ మోగింది. వంద రోజులు 125 అయ్యాయని ఒకరు, ఖర్చులో 40 శాతం రాష్ట్రాలు పెట్టుకోవాలంటే జరిగే పనేనా అని మరొకరు, గాంధీ పేరు తీసేశారని ఇంకొకరు. అన్నీ న్యాయమైన మాటలే. నేను మాత్రం ఎవరూ పట్టించుకోని ఒక చిన్న అంకె దగ్గర ఆగిపోయాను. పరిపాలన ఖర్చు పరిమితిని 6 శాతం నుంచి 9 శాతానికి పెంచారు.

ఆ అంకె మీద నాకెందుకంత పట్టింపు అంటే, నేను కొన్నేళ్లపాటు ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో ఊరూరా తిరిగి ఉపాధి హామీ లెక్కలు చూసినవాణ్ణి. మొదట గ్రామ స్థాయిలో, తర్వాత డీఆర్పీగా, అంటే జిల్లా స్థాయి తనిఖీదారుగా. ఆరు శాతంలోంచి జీతం తీసుకునేవాళ్ల తప్పులు పట్టడం మా పని. మా జీతమూ ఆ పథకం డబ్బే, సామాజిక తనిఖీకి అర శాతం అని కేటాయింపు. మేమూ కాంట్రాక్టు మనుషులమే. పట్టేవాడికీ, పట్టుబడేవాడికీ ఉద్యోగ భద్రత మాత్రం సమానం. ఇప్పుడు ఆ పని మానేసి మండల కేంద్రంలో జిరాక్సు దుకాణం నడుపుకుంటున్నాను కాబట్టి ఈ మాటలు కాస్త నిర్మొహమాటంగా రాయగలుగుతున్నాను.

ఆరు శాతం అంటే ఏమిటో బయటివాళ్లకు తెలియదు. పాత ఉపాధి హామీ చట్టంలో కూలి డబ్బు పూర్తిగా కేంద్రానిది. సామగ్రి ఖర్చులో నాలుగింట మూడొంతులు కేంద్రానిది, ఒక వంతు రాష్ట్రానిది. ఇక ఈ పథకాన్ని నడిపే మనుషుల జీతాలు, ఆఫీసు కరెంటు, కంప్యూటర్లు, జీపు డీజిలు, శిక్షణలు, గోడ మీద రాతలు అన్నీ కలిపి మొత్తం ఖర్చులో ఆరు శాతం దాటకూడదని ఆ చట్టం కింద నియమం. చదవడానికి చక్కని కట్టుబాటు. ప్రజాధనం దుబారా కాకూడదనే ఉద్దేశమే. కానీ ఒక చిన్న ఊరి లెక్క వేసి చూడండి.

2020లో మన రెండు రాష్ట్రాల్లో రోజు కూలి 237 రూపాయలు. ఊళ్లో నూరు కుటుంబాలు తలా 42 రోజులు పనిచేశాయనుకుందాం. కూలి సుమారు 10 లక్షలు. మొత్తం ఖర్చులో 40 శాతం వరకు చట్టం ఒప్పుకునే సామగ్రి ఖర్చు కూడా పూర్తిగా జరిగిందనుకున్నా మొత్తం 16 లక్షల 60 వేలకు మించదు. అందులో ఆరు శాతం లక్ష రూపాయలు. ఊళ్లో పనులు చూసి కూలీల హాజరు రాసే ఫీల్డ్ అసిస్టెంటు (ఎఫ్.ఏ.) జీతం నెలకు 8 వేలు వేసుకున్నా ఏడాదికి 96 వేలు. మిగిలింది 4 వేలు. ఆ నాలుగు వేలలోంచే టెక్నికల్ అసిస్టెంటుకూ, కంప్యూటర్ ఆపరేటరుకూ, మండలంలో పథకం చూసే ఏపీవోకూ, జిల్లా ఆఫీసుకూ, రాష్ట్ర ఆఫీసుకూ ఆ ఊరి వాటా వెళ్లాలి. పెద్ద ఊళ్లు ఈ లోటును కొంత పూడుస్తాయి, నిజమే. కానీ రాజధానిలో కూర్చుని ఈ పట్టిక చూసే అధికారికి ఏమనిపిస్తుంది? పనిదినాలు తక్కువున్న ఊరి ఎఫ్.ఏ. దండగ అనిపిస్తుంది.

2020లో తెలంగాణలో జరిగింది ఇదే. 4779 నంబరు సర్క్యులర్ అంటే ఇప్పటికీ పాత ఎఫ్.ఏ.లు ఉలిక్కిపడతారు. ఊళ్లో ఎన్ని పనిదినాలు కల్పించారో దాన్నిబట్టి ఎఫ్.ఏ.లకు గ్రేడులు, గ్రేడును బట్టి జీతం, మరీ తక్కువ ఉంటే కాంట్రాక్టు పొడిగించకపోవడం. దాని మీద మార్చిలో సమ్మెకు దిగారు. రెండు వారాలు తిరగకముందే లాక్‌డౌన్ వచ్చింది. పనిలో చేరతామని వాళ్లు అడిగినా ప్రభుత్వం వినలేదు. ఏడు వేల మందికి పైగా ఒక్క దెబ్బకు ఇంటికి వెళ్లారు. పద్నాలుగేళ్లుగా మస్టర్లు (కూలీల హాజరు పట్టికలు) రాసినవాళ్లు అందులో ఉన్నారు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఈ పథకం ప్రారంభించినప్పుడు మొదటి విడతలో మహబూబ్‌నగర్ కూడా ఉంది. అప్పుడు చేరినవాళ్లకు పెళ్లిళ్లయి పిల్లలు పుట్టి, ఆ పిల్లలు హైస్కూలుకు వచ్చారు.

ఆ సర్క్యులర్‌లోని తిరకాసు సమ్మె హడావుడిలో చాలామందికి కనిపించలేదు. ఉపాధి హామీ అనేది కూలీ అడిగితే ఇచ్చే పని. దరఖాస్తు చేసిన 15 రోజుల్లో పని చూపించాలి, చూపించకపోతే భృతి ఇవ్వాలి. అడగాలా వద్దా అన్నది కూలీ ఇష్టం. సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు, కోతలు జోరుగా నడిచే ఊళ్లో బయట కూలి ఎక్కువ వస్తుంటే గడ్డపార పట్టుకుని కరువు పనికి ఎవరొస్తారు? పాలమూరు తండాల్లో సగం మంది పుణెలోనో ముంబయిలోనో ఉంటే మస్టరులో ఎవరి పేరు రాయాలి? పత్తి ఏరే రోజుల్లో ఏ ఊళ్లోనూ మనుషులు దొరకరు. వాన బాగా పడితే ఎఫ్.ఏ. గ్రేడు పడిపోతుంది, కరువొస్తే గ్రేడు పెరుగుతుంది. మనిషి పనిని కొలవడానికి ఇంతకంటే అన్యాయమైన కొలత నాకు తెలియదు.

అన్యాయం ఒక్కటే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. పనిదినాలు పెరిగితేనే జీతం ఉంటుందని చెబితే, పెంచడానికి ఉన్న దగ్గరి దారి ఏమిటో ఎఫ్.ఏ.కు తెలుసు. రాని మనిషిని వచ్చినట్టు రాయడం. మేము ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగి పట్టుకున్నది సరిగ్గా దాన్నే. ఒక ఆఫీసు అంకెలు పెంచమంటుంది, ఇంకో ఆఫీసు పెరిగిన అంకెల్లో దొంగవి ఏవో చూడమంటుంది. మధ్యలో ఉన్నది నెలకు పది వేలు మించని మనిషి.

తనిఖీ ఎలా జరిగేదో చెబుతాను. సర్క్యులర్‌కు చాలా ముందు, పేరు చెప్పనవసరం లేని ఒక ఊరు. చెరువులోకి నీళ్లు తెచ్చే కాలువ పూడిక తీసిన పని. మా నియమం ప్రకారం సర్పంచి ఇంట్లో గానీ ఎఫ్.ఏ. ఇంట్లో గానీ మంచినీళ్లు కూడా తాగకూడదు. బడిలో పడుకుంటాం, కూలీల ఇళ్లలో తింటాం. పొద్దున్నే మస్టర్ల నకళ్లు చంకలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతాం. ఫలానా వారం ఎన్ని రోజులు పోయావు, ఎంత వచ్చింది, పాసుబుక్కు ఎవరి దగ్గరుంది. అప్పట్లో కూలి పోస్టాఫీసుల్లో పడేది. పాసుబుక్కులు పోస్టుమాస్టరు దగ్గరో ఎఫ్.ఏ. దగ్గరో ఉన్నాయంటే మాకు అప్పుడే సగం సంగతి అర్థమయ్యేది.

ఆ మస్టరు నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. వేలిముద్రలు ఒకదాని కింద ఒకటి. ఒక్కొక్కరి బొటనవేలు ఒక్కో తీరుగా పడుతుంది. ఒకరు గట్టిగా నొక్కుతారు, ఒకరిది సగమే అంటుతుంది, ముసలివాళ్ల వేళ్లు అరిగిపోయి గీతలే రావు, గడ్డపార పట్టి కాయలు కాసిన వేలిది నల్లని మచ్చలా ఉంటుంది. ఆ కాగితం మీద తొమ్మిది ముద్రలు మాత్రం ఒకే వాలుతో, ఒకే చోట చిన్న తెల్లటి గీతతో ఉన్నాయి. కత్తి గాటు ఉన్న వేలది. నేను ఆ గీత మీద పెన్సిలుతో చుక్కలు పెట్టుకుంటూ పోయాను. ఆ తొమ్మిది మందిలో ఇద్దరు పని మొదలవకముందే ఊరు వదిలినవాళ్లు. ఒక పెద్దమ్మ కూతురి కాన్పుకు హైదరాబాదు వెళ్లి ఆ నెలంతా అక్కడే ఉంది.

"డబ్బు పడింది కదమ్మా?" అన్నాను.

"పడింది సారూ. సగం నాకిచ్చిండు, సగం ఆయన తీసుకున్నడు. నేను పోనిదానికి నాకు సగం వచ్చింది కదా అని ఊరుకున్న."

ఆమె మాటలో బెరుకు లేదు. తప్పు చేశానన్న బాధా లేదు. కూలీలందరూ అమాయకులని, ఎఫ్.ఏ. ఒక్కడే దొంగ అని అనుకుని ఊళ్లకు వెళ్లే కొత్త తనిఖీదారులకు ఇలాంటి ఇళ్లలో మొదటి రోజే కళ్లు తెరుచుకుంటాయి.

మధ్యాహ్నం కాలువ మీదికి వెళ్లి టేపు పెట్టాం. ఎం.బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, పొడవు 300 మీటర్లు. మా టేపుకు 210 కూడా రాలేదు. తవ్విన చోట లోతు తెలియడానికి అక్కడక్కడా తవ్వకుండా వదలాల్సిన మట్టి దిమ్మెలు ఒక్కటీ లేవు. ఎఫ్.ఏ. గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. దగ్గరికి పోతే, "అన్నా, ఆ 300 నేను రాయలేదు" అన్నాడు. నిజమే. కొలతలు రాసేది టెక్నికల్ అసిస్టెంటు. తనిఖీ కొలత వేసి సంతకం పెట్టేది ఆపై ఇంజనీరు. బిల్లుకు డబ్బు విడుదల చేసేది మండల ఆఫీసు. ఎఫ్.ఏ. చేతిలో ఉన్నది మస్టరు ఒక్కటే. తొమ్మిది దొంగ వేలిముద్రలూ అతనివే, అది అతను ఒప్పుకున్నాడు. తొంభై మీటర్ల దొంగ కాలువ మాత్రం ముగ్గురు చదువుకున్నవాళ్ల సంతకాలతో తయారైంది.

తనిఖీ నివేదికలు అందరి ముందు చదివి తేల్చే ప్రజావేదిక మండల ఆఫీసు ఆవరణలో, షామియానా కింద. ఒక్కో పంచాయతీ నివేదిక చదువుతుంటే రాత్రి బాగా పొద్దుపోయింది. మేము తనిఖీ చేసిన ఆ ఊరి వంతు వచ్చేసరికి కూలీలు చాలామంది చివరి ఆటోలకు వెళ్లిపోయారు. తీర్పు నిమిషాల్లో వచ్చింది. ఎఫ్.ఏ.ను తొలగించారు, మింగిన సొమ్ము కట్టమన్నారు. టెక్నికల్ అసిస్టెంటు మీద కొంత రికవరీ. ఇంజనీరుకు సంజాయిషీ నోటీసు. మండల అధికారి తన కింద ఇన్ని పంచాయతీలున్నాయని, ప్రతి కాలువా తాను నడిచి చూడలేనని అన్నారు. వేదిక మీదివాళ్లు తలూపారు. ఆ మాట ఎఫ్.ఏ. అంటే ఎవరైనా తలూపేవారా అన్నది నాకు ఆ రాత్రి నుంచీ ఉన్న సందేహం.

ఆ ఎఫ్.ఏ.ను తీసేయడం తప్పని నేను అనడం లేదు. తీసేయాల్సిందే. కానీ ఏ ప్రజావేదికలో చూసినా ఉద్యోగం పోయేది నిచ్చెన కింది మెట్టు మీదున్నవాడికి, పైకి వెళ్లేకొద్దీ శిక్ష నోటీసుగా, నోటీసు సమాధానంగా, సమాధానం ఫైలుగా మారిపోతుంది. పర్మనెంటు ఉద్యోగిని తీసేయాలంటే విచారణ, అప్పీలు, ఏళ్లు. కాంట్రాక్టు మనిషికి ఒక కాగితం చాలు. కాబట్టి జవాబుదారీతనం ఎక్కడ సులువో అక్కడే అమలవుతుంది. పట్టుకున్న సొమ్ములో తిరిగి ఖజానాకు చేరేది కొద్ది భాగమేనని తనిఖీల్లో ఉన్న ఎవరినడిగినా చెబుతారు. 2005 నాటి చట్టంలో 25వ సెక్షన్ చదివితే నవ్వొస్తుంది. చట్టాన్ని ఉల్లంఘిస్తే జరిమానా గరిష్ఠంగా 1,000 రూపాయలు. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సామాజిక తనిఖీల కోసం, అవినీతిని అరికట్టడం కోసం ప్రత్యేక చట్టమే చేసింది. ఆ చట్టం మీద మాకు శిక్షణ ఇచ్చినప్పుడు నేను ఎంత ఉత్సాహంగా నోట్సు రాసుకున్నానో!

ఇంకో విషయం. మేము కూలి డబ్బును గింజగింజా లెక్క పెట్టేవాళ్లం, సామగ్రి డబ్బు దగ్గరికి వచ్చేసరికి చేతులు కట్టేసినట్టు ఉండేది. కూలీ నోరు విప్పుతుంది, సిమెంటు బస్తా విప్పదు. రాష్ట్రం వచ్చాక వైకుంఠధామాలు, పల్లె ప్రకృతి వనాలు, డంపింగ్ యార్డులు, కల్లాలు అన్నీ ఈ పథకం నిధులతో లేచాయి. కల్లాల విషయంలో నిబంధనలకు విరుద్ధమంటూ 150 కోట్లకు పైగా వెనక్కి కట్టమని 2022లో కేంద్రం తెలంగాణను అడిగింది. అప్పుడు రాష్ట్రంలో అధికారంలో ఉన్న పార్టీ ధర్నాలు చేసింది. కల్లాలు రైతుకు పనికొచ్చాయా అంటే వచ్చాయి, మా వడ్లూ అక్కడే ఆరాయి. నా ప్రశ్న అది కాదు. అన్ని కోట్ల మీద ఢిల్లీ, హైదరాబాదు వాదులాడుకుంటే ఒక్క అధికారి కుర్చీ కదిలినట్టు నేను వినలేదు. తొమ్మిది వేలిముద్రలకు ఉద్యోగం పోయింది.

సమ్మె తర్వాత ఎఫ్.ఏ.లు లేని ఆ రెండేళ్లలో ఊళ్లో ఏం జరిగిందో చెప్పాలి. ఎఫ్.ఏ. పని పంచాయతీ కార్యదర్శుల నెత్తిన పడింది. ఎక్కువమంది 2019లో చేరిన జూనియర్లు, 15 వేల జీతం మీద, ప్రొబేషన్ ఎప్పుడు ముగుస్తుందో తెలియక బిక్కుబిక్కుమంటున్న పిల్లలు. పొద్దున్నే పారిశుద్ధ్యం ట్రాక్టరు, తర్వాత నర్సరీలో మొక్కలు, ఇంటి పన్ను, మధ్యలో ఏదో ఒక యాప్‌లో ఫొటో, ఆపైన ఉపాధి మస్టర్లు. మా దుకాణానికి వచ్చే ఒక అమ్మాయి జాబ్ కార్డుల నకళ్లు తీయించుకుంటూ నిలబడే కునుకు తీసేది. లాక్‌డౌన్‌లో పట్నాల నుంచి జనం ఊళ్లకు తిరిగొచ్చారు, పని అడిగేవాళ్లు పెరిగారు, కేంద్రం అదనంగా 40 వేల కోట్లు ప్రకటించింది. దేశంలో ఈ పథకానికి మనుషులు అత్యవసరమైన వేళ మా రాష్ట్రంలో దాన్ని నడిపే మనుషులు ఇళ్లలో ఉన్నారు.

పనిదినాలు ఆగలేదు కదా, ఎఫ్.ఏ.లు లేకుండానే నడిచింది కదా అని వాదించేవాళ్లున్నారు. నడిచింది. మస్టరు ఎవరో ఒకరు రాశారు. మేట్లు (కూలీల గుంపు పెద్దలు) రాశారు, కార్యదర్శి సంతకం పెట్టారు. కానీ ఫలానా ముసలాయనకు కళ్లు కనిపించవు కాబట్టి మట్టి మోయించకుండా నీళ్లు పోసే పని ఇవ్వాలని, ఫలానా ఇద్దరు తోడికోడళ్లను ఒకే గ్రూపులో వేయకూడదని, ఫలానా కుటుంబం కార్డులో చనిపోయిన కొడుకు పేరు ఇంకా ఉందని కొత్తగా వచ్చినవాళ్లకు ఎలా తెలుస్తుంది? దొంగ లెక్క రాయడానికి ఎంత ఊరు తెలియాలో, సరైన లెక్క రాయడానికీ అంతే తెలియాలి.

మా పక్క ఊరి ఎఫ్.ఏ. ఒకాయన ఉండేవారు. అక్కడ జరిగిన ఏ తనిఖీలోనూ ఆయన మీద చెప్పుకోదగ్గ అభ్యంతరం రాలేదు. అది మా వృత్తిలో అరుదు. వేళ్లు అరిగినవాళ్ల ముద్ర పడకపోతే పక్కన ఎర్ర సిరాతో కారణం రాసేవారు. ఆయన కూడా ఏడు వేల మందితో పాటే పోయారు. కోళ్ల ఫారంలో పనికి కుదిరారు. ఒకసారి దుకాణానికి వచ్చి తన తనిఖీ నివేదికలన్నీ నకలు తీయించుకుని, "ఇవి చూపిస్తే ఏమన్నా తేడా ఉంటదా తమ్మీ?" అని అడిగారు. ఉండదని నాకు తెలుసు. పనిదినాల పట్టికలో నిజాయతీకి గడి లేదు.

2022 మార్చిలో ముఖ్యమంత్రి కేసీఆర్ శాసనసభలో వాళ్లను తిరిగి తీసుకుంటామని ప్రకటించారు, ఇకముందు సమ్మెలు చేయవద్దన్న హితవు కూడా కలిపి. ఆగస్టులో చేరారు. ఆ పక్క ఊరాయన కూడా చేరారు. అప్పటికి లోకం మారిపోయింది. పాత టీసీఎస్ సాఫ్ట్‌వేర్ పోయి కేంద్రం సాఫ్ట్‌వేర్ వచ్చింది. 2023 జనవరి నుంచి పని దగ్గర రోజుకు రెండు ఫొటోలు తీసి యాప్‌లో పెట్టడం తప్పనిసరి. సిగ్నల్ లేని గుట్టల మీద ఫోను ఎత్తిపట్టుకుని తిరిగే ఎఫ్.ఏ.లను నేను చూశాను. ఫొటో ఎక్కకపోతే పని చేసిన కూలీకి కూలి లేదు. ఈ యంత్రంతో అవినీతి పోతుందన్నారు. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఒక లేఖ రాసింది. పనికి సంబంధం లేని ఫొటోలు పెడుతున్నారట, ఫొటోను మళ్లీ ఫొటో తీసి పెడుతున్నారట, ఒకే మనుషులు వేరు వేరు మస్టర్లలో కనిపిస్తున్నారట. కాబట్టి పంచాయతీ స్థాయిలో ఫొటోలన్నీ మనుషులే పరిశీలించాలట. మనిషిని నమ్మక యంత్రాన్ని పెట్టి, యంత్రాన్ని నమ్మక మళ్లీ మనిషిని పెట్టారు. ఆ పరిశీలించే మనిషికి జీతం ఏ శాతంలోంచి వస్తుందో ఆ లేఖ చదివినప్పుడు నేను వెతికాను.

ఆంధ్రలో తీరు వేరు. అక్కడ ప్రభుత్వం మారినప్పుడల్లా ఎఫ్.ఏ. కుర్చీ కదులుతుంది. 2019లోనూ, 2024లోనూ ఇదే వినిపించింది. కొందరు హైకోర్టుకు వెళ్లారు. మా గ్రూపులో ప్రకాశం జిల్లా మిత్రుడొకాయన, "మీకు సర్క్యులర్ అయినా ఇచ్చారు, మాకు కండువా రంగు చూశారు" అని రాశారు. దాని మీద నేను వ్యాఖ్యానించను.

బెంగాల్ కథ అందరికీ తెలిసే ఉంటుంది. అక్రమాలు జరిగాయని 2022 మార్చి నుంచి కేంద్రం ఆ రాష్ట్రానికి నిధులే ఆపేసింది. అక్రమాలు నిజంగానే జరిగి ఉండవచ్చు. చేసినవాళ్లను పట్టుకోవాలి కదా! అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు లక్షల కుటుంబాల పని ఆపేశారు. 2025 జూన్‌లో కలకత్తా హైకోర్టు పనులు తిరిగి మొదలుపెట్టమనాల్సి వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు కేంద్రం అప్పీలును తోసిపుచ్చింది. ఒక ఊళ్లో ఎఫ్.ఏ. ఒక్కడి మీద పడేది, అక్కడ రాష్ట్రంలోని కూలీలందరి మీద పడింది. దెబ్బ కిందికి జారే పద్ధతి మాత్రం ఒకటే.

ఇక ఈ తొమ్మిది శాతం సంగతి. పెంచడం మంచిదే. నేను పైన వేసిన లెక్కలో లక్ష కాస్తా లక్షన్నర అవుతుంది. ఎఫ్.ఏ. జీతం పోగా నాలుగు వేలకు బదులు యాభై నాలుగు వేలు మిగులుతాయి. కానీ జీతాల డబ్బు ఇప్పటికీ ఖర్చుకు ముడివేసే ఉంది. ఖర్చు పెరిగితే సిబ్బంది బతుకుతారు, తగ్గితే పోతారు. ఇప్పుడు ఖర్చులో 40 శాతం రాష్ట్రం పెట్టాలి. రాష్ట్రం చేతులెత్తేస్తే ఖర్చు తగ్గుతుంది, దానితో పాటే తొమ్మిది శాతమూ తగ్గుతుంది. వ్యవసాయ పనుల కాలంలో ఏడాదికి 60 రోజుల వరకు పనులు ఆపవచ్చని కొత్త చట్టం అంటోంది. ఆ రెండు నెలలు ఎఫ్.ఏ.కు జీతం ఉంటుందా? పనిదినాల పట్టికలో ఆ సున్నాలు ఎవరి ఖాతాలో పడతాయి? మళ్లీ ఒక 4779 రాకుండా ఆపేది ఏమిటి?

ఒక చిన్న విషయం మాత్రం ఊళ్లోనే మొదలుపెట్టవచ్చని నా ఆలోచన. సామాజిక తనిఖీలో కూలీల పేర్లు, రోజులు, కూలి డబ్బు గోడ మీద రాయించేవాళ్లం. సీతమ్మకు ఎంత వచ్చిందో ఊరంతా చదువుతుంది. ఆరు శాతం ఎవరెవరికి ఎంతెంత వెళ్లిందో నేను ఏ గోడ మీదా చూడలేదు. నేను చేసిన తనిఖీల్లో ఆ కాగితాలు మా ముందుకు రానే రాలేదు. మండలానికి ఎంత వచ్చింది, జీతాలకు ఎంత, వాహనాలకు ఎంత, జిల్లా ఆఫీసు ఎంత ఉంచుకుంది, శిక్షణల పేరుతో ఎంత అయింది. కూలి లెక్క పైసలతో సహా చెప్పగలిగిన సాఫ్ట్‌వేరుకు ఇది పెద్ద పని కాదు. ఎఫ్.ఏ. భారమా కాదా అన్నది ఆ పట్టిక పక్కన పెట్టుకుని మాట్లాడితే బాగుంటుంది.

2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికల తర్వాత మా ఊళ్లో కొత్త పాలకవర్గం వచ్చింది. ఈ అయిదు ప్రశ్నలూ ఒక కాగితం మీద రాసి గ్రామసభకు ఇచ్చాను. కొత్త సర్పంచి చదివి, "అన్నా, ఇది మండలంలో అడగాల్సింది కదా" అన్నాడు. తీర్మానం పుస్తకంలో ఎక్కిస్తే మండలమే సమాధానం చెబుతుందని అన్నాను. ఎక్కిస్తానన్నాడు, ఇంకా ఎక్కించలేదు. ఈ రాత చదివేవాళ్లలో కార్యదర్శులు, పాత ఏపీవోలు ఎవరైనా ఉంటే, మీ మండలం పరిపాలన ఖర్చు లెక్క ఏ ఏడాదిదైనా ఒక్క పేజీ పంపండి. మీ పేరు బయటకు రాదు. జిరాక్సు ఖర్చు కూడా నాదే.